సీఎఫ్ పిల్లల్లో ఫీనో తక్కువొస్తే వాపు లేనట్టేనా? ఊపిరి పరీక్షల మీద చర్చ

విజయనగరం_పీడియా_పీజీ

అందరికీ నమస్కారం. సిస్టిక్ ఫైబ్రోసిస్ (సీఎఫ్; పుట్టుకతో వచ్చే, ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం పేరుకునే జబ్బు) ఖాయమైన పిల్లల ఫీనో (వదిలే ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ కొలత) రిపోర్టులు చూస్తున్నాను. స్వెట్ క్లోరైడ్ (చెమటలో ఉప్పు) అందరికీ లీటరుకి 60 మిల్లీమోల్ పైనే. ఫీనో మాత్రం ఒకరికి 7 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో 7), ఒకరికి 9, ఇంకొకరికి "5 కంటే తక్కువ". కింద "ఎయిర్‌వే ఇన్‌ఫ్లమేషన్ లేదు" (అంటే శ్వాసనాళాల్లో వాపు లేదు) అని అచ్చయి వస్తోంది. అదే పిల్లల కఫం కల్చర్‌లో సూడోమోనాస్ క్రిమి ఉంది, సీటీలో బ్రాంకియెక్టాసిస్ (శ్వాసనాళాలు చెడి వెడల్పవడం) ఉంది. ఈ రెండూ ఎలా పొసుగుతాయి?

రెండో సంగతి. థీసిస్‌కి ఊపిరి మార్కర్ ఒకటి తీసుకుందామని ఉంది. ఫీనో మంచిదా, ఊపిరిని చల్లార్చి పట్టే ఈబీసీ మంచిదా? మన జిల్లాల్లో ఉన్న వసతితో అయ్యే పనే చెప్పండి. లింకులు వద్దు, చేసే పద్ధతి కావాలి.

---

పల్మో_ఉత్తరాంధ్ర

ఆ వాక్యం రాసింది డాక్టరు కాదు, ఆస్తమా టెంప్లేటు. 2011లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ ఇచ్చిన హద్దులు పిల్లలకి 20 పీపీబీ లోపు తక్కువ, 35 దాటితే ఎక్కువ. ఆ హద్దులు అలర్జీ రకం తెల్లకణాలైన ఇసినోఫిల్స్‌తో వచ్చే వాపుకి, స్టెరాయిడ్‌కి లొంగుతుందా లేదా చూసుకోడానికి పెట్టినవి. సీఎఫ్ ఊపిరితిత్తుల్లో పని చేసేది క్రిముల మీదికి వెళ్లే తెల్లకణమైన న్యూట్రోఫిల్. దాని ఎలాస్టేజ్ అనే ఎంజైమ్ శ్వాసనాళాల గోడల్ని తినేస్తున్నా ఫీనో పెరగదు. పెరక్కపోగా మామూలు పిల్లల కన్నా తగ్గుతుంది కూడా.

తగ్గడానికి కారణాలు ఒకటి కాదు. శ్వాసనాళం పైపొరలో నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఎన్‌ఓఎస్-2 ఎంజైమ్ సీఎఫ్‌లో తక్కువగా ఉంటుంది. ముడిసరుకైన ఆర్జినిన్‌ని న్యూట్రోఫిల్స్ వదిలే ఆర్జినేజ్ ముందే లాగేసుకుంటుంది. ఇన్‌ఫెక్షన్ ముదిరినప్పుడు కఫంలో ఈ ఆర్జినేజ్ ఎక్కువ, యాంటీబయాటిక్ ఇచ్చాక తగ్గుతుంది. తయారైన కాస్త వాయువూ చిక్కటి కఫం దాటి బయటికి రావాలి. దారిలోనే నైట్రైట్, నైట్రేట్ అయిపోతుంది. పైగా ఆక్సిజన్ అందని కఫం లోపల సూడోమోనాస్ ఈ నైట్రోజన్ ఆక్సైడ్‌లతోనే శ్వాసించగలదు.

అంటే మీ రిపోర్టులో 7 పీపీబీ అన్నది వాపు లేదనడానికి సాక్ష్యం కాదు. ఆ పైపొరలో జబ్బు ఉందనడానికే దగ్గరగా ఉంది. మీ ల్యాబ్ వాళ్లకి చెప్పి సీఎఫ్ పిల్లల రిపోర్టులో ఆ లైను తీయించండి. రేపు ఈ పిల్లాణ్ణి కొత్తగా చూసే డాక్టరు దాన్ని నమ్మి యాంటీబయాటిక్ వాయిదా వేసే ప్రమాదం ఉంది.

---

శ్వాసల్యాబ్_సిక్కోలు

సార్ చెప్పింది నిజమే. కానీ అంతకంటే ముందు ఆ 7 నిజంగా 7 అవునా కాదా తేల్చుకోవాలి. తీసే విధానం తప్పితే జబ్బు మీద ఎంత వాదించినా లాభం లేదు.

ఊదే వేగం సెకనుకి 50 మి.లీ., అటూ ఇటూ 10 శాతం. పిల్లాడు గట్టిగా ఊదితే అంకె తగ్గిపోతుంది, మెల్లగా ఊదితే పెరుగుతుంది. బుడగలు ఊదినట్టు ఫూ అని ఊదే పిల్లలకి తప్పుడు తక్కువ రావడం ఇలాగే. తెరమీద బొమ్మ చూపించి వేగం నిలబెట్టాలి. ఊదేటప్పుడు నోట్లో కనీసం 5 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి ఉండాలి. అప్పుడే అంగిలి వెనక మూసుకుని ముక్కులో గాలి కలవదు. ముక్కులోనూ సైనస్‌లలోనూ నైట్రిక్ ఆక్సైడ్ వందల, వేల పీపీబీల్లో ఉంటుంది. రవ్వంత జారినా 8 కాస్తా 25 అవుతుంది.

ముక్కుకి క్లిప్పు పెట్టకండి. స్పైరోమెట్రీ (గట్టిగా ఊదించి గాలి కొలిచే పరీక్ష) అలవాటుతో చాలామంది పెట్టేస్తారు. క్లిప్పు పెడితే ముక్కులో గ్యాస్ పోగుపడి గొంతులోకి దిగుతుంది.

మిగతా వరుస: బిడ్డ నిటారుగా కూర్చోవాలి, ఊపిరంతా వదిలేయాలి, మౌత్‌పీస్ పెట్టుకుని దాంట్లోంచే 2-3 సెకన్లలో నిండా పీల్చాలి, ఎక్కడా ఆపకుండా వెంటనే ఊదాలి. 12 ఏళ్ల లోపు వాళ్లు కనీసం 4 సెకన్లు, పెద్దవాళ్లు 6 సెకన్లు. చేతిలో పట్టుకునే నయాక్స్ వెరో మిషన్‌లో 10 సెకన్ల మోడ్, చిన్నవాళ్లకి 6 సెకన్ల మోడ్ ఉంటాయి. ఏది వాడారో రిజిస్టర్‌లో రాయండి. ఒకసారి 10, మరోసారి 6 పెట్టి పోల్చొద్దు. రెండు ఊదుళ్ల మధ్య అర నిమిషం విరామం. స్పైరోమెట్రీ ఎప్పుడూ దీని తర్వాతే.

తిండి సంగతి. పరీక్షకి గంట ముందు నుంచీ తిండి, నీళ్లు వద్దు. తోటకూర, పాలకూర, బీట్‌రూట్, ముల్లంగి అయితే ముందు రోజు రాత్రి నుంచే మానేయమనండి. వాటి నైట్రేట్ లాలాజలంలోకి చేరుతుంది, నాలుక మీది బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, అక్కణ్ణుంచి నైట్రిక్ ఆక్సైడ్ పుడుతుంది. ఏజెన్సీ వైపు నుంచి వచ్చే పిల్లల ఇళ్లల్లో రోజూ ఆకుకూరే. అడక్కపోతే చెప్పరు.

---

విజయనగరం_పీడియా_పీజీ

తేమ వల్ల ఇబ్బంది ఉంటుందా? మా గదిలో ఏసీ లేదు.

---

శ్వాసల్యాబ్_సిక్కోలు

ఉంటుంది. ఆ మిషన్ 10 నుంచి 35 డిగ్రీల వరకు, 20 నుంచి 80 శాతం తేమ వరకే పనికొస్తుంది. జులై నుంచి అక్టోబరు దాకా మన తీరంలో పొద్దున్నపూట 80 దాటడం మామూలే. గోడకి 300 రూపాయల తేమ మీటరు తగిలించండి, ప్రతి రీడింగ్ పక్కన ఆ అంకె రాయండి. ఏసీ గది లేకపోతే మధ్యాహ్నం పూట తీయండి. కానీ అందరికీ ఒకే పూట.

స్పిరిట్ దూదితో మిషన్ తుడవకండి. చేతులకి శానిటైజర్ రాసుకుని ఆరకముందే మిషన్ దగ్గరికి వెళ్లకండి. లోపలిది ఎలెక్ట్రోకెమికల్ సెన్సర్, ఆల్కహాల్ ఆవిరి దానికి గిట్టదు. కిటికీ పక్కనే జెనరేటర్ ఉంటే గది మార్చండి.

బిడ్డకో కొత్త ఫిల్టర్. సీఎఫ్ పిల్లల విషయంలో ఇక్కడ పిసినారితనం పనికిరాదు. ఒకరి సూడోమోనాస్ ఇంకొకరికి అంటితే వాళ్లకది జీవితాంతం ఉండిపోవచ్చు. ఇద్దరు సీఎఫ్ పిల్లల్ని ఒకే బెంచీ మీద కూర్చోబెట్టొద్దు.

---

పల్మో_ఉత్తరాంధ్ర

ఇప్పుడు అంకెల లెక్కకి వద్దాం, థీసిస్‌కి అసలు అడ్డంకి అక్కడే ఉంది. ఆ మిషన్ 5 పీపీబీ కింద చదవదు. తక్కువ అంకెల దగ్గర తేడా అటూ ఇటూ 5 పీపీబీ. ఆస్తమాలో కూడా 50 లోపు ఉన్నవాళ్లకి 10 పీపీబీ మారితేనే మార్పు అంటారు. సీఎఫ్ పిల్లాడు ఉండేదే 5 నుంచి 12 మధ్య. అక్కణ్ణుంచి 10 తగ్గడానికి చోటే లేదు. 8 నుంచి 6కి వచ్చింది, చికిత్స పనిచేయలేదు అని రాస్తే మిషన్ వణుకుని జబ్బు అన్నట్టే.

ఇంకో మాట. "5 కంటే తక్కువ" అని వచ్చినవాటిని ఎక్సెల్‌లో సున్నా అని కొట్టకండి. అవి సెన్సర్డ్ (హద్దు కింద ఉన్నాయని తెలుసు, అసలు అంకె తెలియదు) విలువలు. ఒకటో రెండో ఉంటే 5ని రూట్ 2తో భాగించి 3.5 అని పెట్టడం వాడుకలో ఉంది. మూడో వంతు అవే అయితే మీడియన్, నాన్‌పారామెట్రిక్ పరీక్షలే గతి.

ఫీనో సీఎఫ్‌లో అస్సలు పనికిరాదని కాదు. రెండు చోట్ల పనికొస్తుంది. ఒకటి, సీఎఫ్ బిడ్డకి ఫీనో 40, 50 వస్తే అది ఆ జబ్బు తీరు కాదు. తోడుగా ఆస్తమా ఉందేమో, ఏబీపీఏ (ఆస్పర్‌జిల్లస్ బూజుకి వచ్చే అలర్జీ జబ్బు) ఉందేమో వెతకాలి. మొత్తం ఐజీఈ (అలర్జీ యాంటీబాడీ), ఆస్పర్‌జిల్లస్ ఐజీఈ పంపాలి. నిర్ధారణ వాటితోనే, ఫీనోతో కాదు. రెండు, సీఎఫ్‌టీఆర్ మాడ్యులేటర్ (సీఎఫ్‌లో చెడిన ప్రొటీన్‌ని పనిచేయించే) మందు మొదలుపెట్టినప్పుడు. జీ551డి మ్యుటేషన్ ఉన్నవాళ్లకి ఐవాకాఫ్టర్ ఇస్తే ఫీనో పెరిగింది. అంటే ఇక్కడ పెరగడమే శుభం, ఆస్తమా లెక్కకి తలకిందులు. ఎల్-ఆర్జినిన్ నెబ్యులైజ్ చేసినా పెరిగింది, అది పరిశోధన వరకే.

---

పలాస_అమ్మ

నమస్తే డాక్టర్ గారూ. మా పాపకి తొమ్మిదేళ్లు, సీఎఫ్. ఈ ఫీనో పరీక్ష విశాఖ వెళ్లి చేయించుకురమ్మన్నారు. ఛార్జీలు, పరీక్ష ఖర్చు, ఒక రోజు కూలి పోతాయి. చేయించాలా వద్దా? దాంతో మందు మారుతుందా?

---

పల్మో_ఉత్తరాంధ్ర

అమ్మా, మీరు అడిగిన రెండో ప్రశ్నే అసలు ప్రశ్న. రాసిన డాక్టరు గారిని అదే అడగండి: "ఈ అంకె ఎక్కువొస్తే ఏం చేస్తారు, తక్కువొస్తే ఏం చేస్తారు?" పాపకి పిల్లికూతలు ఉండి ఆస్తమా అనుమానంతో రాసుంటే వెళ్లండి, దానికో అర్థం ఉంది. సీఎఫ్ వాపు ఎంతుందో చూద్దామని మాత్రమే రాసుంటే మందు మారదు.

ఆ ఖర్చుతో వదలకుండా చేయించాల్సినవి వేరే ఉన్నాయి. మూడు నెలలకోసారి కఫం కల్చర్, వెళ్లిన ప్రతిసారీ స్పైరోమెట్రీ, బరువు, ఎత్తు. కఫం రాని పిల్లలకి గొంతులో పుల్ల పెట్టి తీసే స్వాబ్ చాలాసార్లు క్రిమిని పట్టుకోదు. ఉప్పునీటి నెబ్యులైజేషన్‌తో దగ్గించి తీసే ఇండ్యూస్డ్ స్ప్యూటమ్ దానికన్నా బాగా పట్టుకుంటుందని 2018లో కార్డిఫ్ వాళ్ల సీఎఫ్-స్పిట్ అధ్యయనం చూపింది. విశాఖ వెళ్లేదుంటే దానికి వెళ్లండి.

---

ఫిజియో_నెల్లిమర్ల

ఇండ్యూస్డ్ స్ప్యూటమ్ గురించి ఒక మాట కలుపుతాను. ముందు సాల్బుటమాల్ ఇవ్వాలి, లేకపోతే 7 శాతం సెలైన్‌కి కొందరి శ్వాసనాళాలు ముడుచుకుపోతాయి. ముందూ వెనకా ఎఫ్‌ఈవీ1 (గట్టిగా ఊదిన మొదటి సెకనులో వచ్చే గాలి) చూడాలి. మన దగ్గర టీబీ ఉంది కాబట్టి మూసిన గదిలో, ఏసీ వేసి అస్సలు వద్దు. ఎదురెదురు కిటికీలున్న గది, ఎన్-95 మాస్కు, ఒకరి తర్వాత ఒకరికి మధ్య గాలి మారే వ్యవధి. ఆ కఫంలోనే టీబీ జీన్‌ఎక్స్‌పర్ట్ కూడా పంపొచ్చు, రెండు పనులూ తీరతాయి.

పలాస అమ్మగారూ, వెళ్లే రోజు పొద్దున ఉప్పునీటి నెబ్యులైజేషన్ ఆపాలా అని ముందే ఫోన్ చేసి అడగండి. ఒక్కో పరీక్షకి ఒక్కోలా ఉంటుంది.

---

పలాస_అమ్మ

చాలా థాంక్సండీ. కల్చర్‌కే వెళ్తాం.

---

అడ్మిన్

చిన్న మనవి. మందుల డోసులు ఇక్కడ అడగొద్దు, చెప్పొద్దు. పరీక్షల గురించి ఎంతైనా మాట్లాడుకోండి.

---

విజయనగరం_పీడియా_పీజీ

అయితే ఫీనో థీసిస్ వదిలేస్తున్నా. ఒక సందేహం మాత్రం: ముక్కులో నైట్రిక్ ఆక్సైడ్ తక్కువ వచ్చిందని ఒక బాబుకి పీసీడీ (శ్వాసనాళాల్లో కఫాన్ని తోసే సన్నని వెంట్రుకలు పుట్టుకతోనే పనిచేయని జబ్బు) అని రాసి పంపారు. సీఎఫ్‌లో కూడా తగ్గుతుంది కదా?

---

పల్మో_ఉత్తరాంధ్ర

తగ్గుతుంది. పీసీడీకి వాడే హద్దు నిమిషానికి 77 నానోలీటర్లు. పీపీబీని మిషన్ ముక్కులోంచి నిమిషానికి లాగే గాలి లీటర్లతో గుణిస్తే ఆ లెక్క వస్తుంది: 250 పీపీబీ, 0.3 లీటర్లు అయితే 75. హద్దు కిందే. కానీ ఆ హద్దుకి షరతే సీఎఫ్ కాదని ముందు తేల్చుకోవడం. ముక్కులో పాలిప్స్ ఉన్నా, సైనస్‌లు మూసుకుపోయినా తగ్గుతుంది. స్వెట్ టెస్టు కాకుండా పీసీడీ అన్న మాట రాయకూడదు. స్వెట్ టెస్టులో చెమట చాలినంత వచ్చిందా చూడండి, చెమట పట్టే పరికరమైన మాక్రోడక్ట్‌లో 30 నిమిషాల్లో కనీసం 15 మైక్రోలీటర్లు. అంతకు తక్కువైతే ఆ క్లోరైడ్ అంకె లెక్కలోకి రాదు.

---

బయోకెమ్_బొట్టు

ఈబీసీ గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను మొదలుపెడతా. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

ఎంత వస్తుందో ముందు లెక్కేసుకోండి. వదిలే ఊపిరి సుమారు 34 డిగ్రీల దగ్గర తేమతో నిండి ఉంటుంది, అంటే లీటరుకి 37 మిల్లీగ్రాముల నీరు. సున్నా డిగ్రీలకి చల్లారిస్తే గాలిలో 5 మిల్లీగ్రాములు మిగిలిపోతాయి. దొరకగలిగింది లీటరుకి 32. తొమ్మిదేళ్ల బిడ్డ కుదురుగా కూర్చుంటే నిమిషానికి 5-6 లీటర్లు, పది నిమిషాలకి 55 అనుకుందాం. గరిష్ఠం 1.8 మి.లీ. గొట్టం గోడలకి అంటింది, చల్లబడకుండా జారిపోయింది తీసేస్తే చేతికి వచ్చేది 1 మి.లీ. లోపు. ఆ ఒక్క మి.లీ.తో మూడు నాలుగు ఎలైజా (ప్రొటీన్ల లాంటివి కొలిచే) కిట్లు నడుపుతామని ప్రొటోకాల్‌లో రాసేవాళ్లున్నారు. ఒకటే మార్కర్ ఎంచుకోండి, మహా అయితే రెండు.

పద్ధతి ఇది. నోరు మంచినీళ్లతో పుక్కిలించాలి. ఇక్కడ ముక్కుకి క్లిప్పు పెట్టాలి, ఫీనోకి సరిగ్గా ఉల్టా. మామూలు ఊపిరి, పది నిమిషాలు. గట్టిగా ఊదమనొద్దు. పీల్చేది ఒక దారి, వదిలేది ఒక దారి ఉండేలా రెండు వాల్వులు. మధ్యలో ఉమ్ము పట్టే ట్రాప్, లేదా రెడీమేడ్ పరికరమైన ఆర్‌ట్యూబ్‌లా కండెన్సర్ నోటికి పైన నిలువుగా. గొట్టం నోట్లోంచి నేరుగా కిందికి వాలితే అందులో పడేది ఉమ్మే. ప్రతి శాంపిల్‌కీ ఎమైలేజ్ (ఉమ్ములో ఉండే ఎంజైమ్) చూడండి. ఉంటే పారేయండి, జాలిపడొద్దు. మధ్యలో దగ్గొస్తే మౌత్‌పీస్ తీసేసి దగ్గమనండి, గడియారం ఆపండి. ఉమ్ము ఊరితే మింగడానికి కూడా ఆపొచ్చు.

చల్లదనం. ఆర్‌ట్యూబ్ అల్యూమినియం తొడుగుని ఫ్రీజర్‌లో పెట్టి తీస్తారు. మన గదుల్లో 32 డిగ్రీల్లో అది పది నిమిషాల్లో ఎంత వేడెక్కిందో ఎవరూ రాయరు. మొదటి బిడ్డకి ఒక ఉష్ణోగ్రత, చివరి బిడ్డకి ఇంకొకటి. ద్రవం పరిమాణమూ మారుతుంది, అందులో కరిగే వాయువులూ మారతాయి. నా సలహా: ఐసు ముక్కలు, నీళ్లు కలిపిన బకెట్లో గాజు గొట్టం. ఐసు మిగిలున్నంతసేపూ సున్నా డిగ్రీలే, ఫ్రీజర్‌తో పనిలేదు. ఉప్పు కలిపి మైనస్ 20కి దించాలన్న ఉబలాటం వద్దు. నీరు గొట్టం గోడకే గడ్డకట్టుకుపోతుంది, మళ్లీ కరిగించి పోగుచేసేసరికి సగం పోతుంది. చేపల ఐసు ఫ్యాక్టరీ దిమ్మ ఒకటి తెచ్చుకుంటే పూటంతా సరిపోతుంది. ఆ నీళ్లు గొట్టంలోకి ఎగరకుండా మూతి పైకుండాలి.

గొట్టం దేంతో చేసిందన్నది కూడా ముఖ్యం. 8-ఐసోప్రోస్టేన్ (ఆక్సిడేషన్ దెబ్బకి గుర్తు), ఆల్బుమిన్ లాంటివి కొలిచేటట్టయితే గాజు, సిలికాన్ పూత ఉన్నవి మెరుగు. అల్యూమినియం, పాలీప్రొపిలీన్, టెఫ్లాన్ గోడలకి పదార్థం అంటుకుపోయి తక్కువ చూపిస్తాయి. గొట్టాన్ని బ్లీచింగ్‌లో నానబెట్టి సరిగ్గా కడక్కపోతే మిగిలిన క్లోరిన్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌నీ పీహెచ్‌నీ రెండింటినీ పాడుచేస్తుంది. ఆటోక్లేవ్, ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో పలుమార్లు కడగడం, ఆరబెట్టడం. కడిగిన గొట్టంలో ఒట్టి డిస్టిల్డ్ వాటర్ పోసి తీసి అదే కిట్‌లో నడపండి. ఆ బ్లాంక్ లేని థీసిస్‌ని నేనైతే నమ్మను.

---

విజయనగరం_పీడియా_పీజీ

మేడమ్, మార్కర్ ఏది తీసుకోమంటారు? ఐఎల్-8 (న్యూట్రోఫిల్స్‌ని పిలిచే ప్రొటీన్) అనుకుంటున్నా, న్యూట్రోఫిల్ కథ కదా అని.

---

బయోకెమ్_బొట్టు

అందరూ అక్కడే బోల్తా పడతారు. ఈబీసీలో 99 శాతం పైగా ఒట్టి నీటి ఆవిరి. శ్వాసనాళపు ద్రవం తుంపర్లుగా వచ్చేది వేల రెట్లు పలచబడి ఉంటుంది. ఐఎల్-8 కిట్‌లో అతి చిన్న స్టాండర్డ్ కిందే మీ శాంపిళ్లలో చాలామటుకు పడతాయి. గ్రాఫ్ గీత వంగిపోయే చోట అంకెలు చదివి వాటికి పీ-వాల్యూ కడతారు. అది లెక్క కాదు, జాతకం. పైగా పలచదనం ఒక్కో బిడ్డకి ఒక్కోలా ఉంటుంది. దాన్ని సరిచేయడానికి యూరియా చూస్తారు, లేదా శాంపిల్‌ని ఫ్రీజ్ డ్రై చేసి కండక్టివిటీ చూస్తారు. ఉప్పునీటి నెబ్యులైజేషన్ అయిన వెంటనే తీస్తే ఆ కండక్టివిటీ లెక్క నమ్మలేం. అందుకని పొద్దున నెబ్యులైజేషన్‌కి ముందే తీయాలి.

జిల్లా స్థాయిలో అయ్యేది పీహెచ్ ఒక్కటే. సీఎఫ్‌లో ఈబీసీ పీహెచ్ తగ్గుతుందని, ఇన్‌ఫెక్షన్ ముదిరినప్పుడు ఇంకా తగ్గుతుందని చూపించినవారున్నారు. కిట్ అక్కర్లేదు, సన్న మొన ఉన్న మైక్రో ఎలక్ట్రోడ్ చాలు, 200-250 మైక్రోలీటర్లలో మునుగుతుంది. పీహెచ్ 4, 7, 10 బఫర్లతో ప్రతి పూటా క్యాలిబ్రేషన్.

చిక్కు కార్బన్ డయాక్సైడ్‌తో. తీసిన వెంటనే చదివితే కరిగున్న గ్యాస్ వల్ల పీహెచ్ తగ్గి కనిపిస్తుంది, మూత తీసి పెట్టినకొద్దీ పైకి పాకుతుంది. అందుకే ఆర్గాన్ వాయువుని నిమిషానికి 350 మి.లీ. చొప్పున పది నిమిషాలు శాంపిల్ మీదుగా పంపి గ్యాస్ తోలేస్తారు. ఆరోగ్యవంతుల్లో అప్పుడు సుమారు 7.7 దగ్గర నిలబడుతుంది. వెల్డింగ్ షాపుల్లో వాడే ఆర్గాన్ సిలిండరే, రెగ్యులేటరూ సన్నని ఫ్లో మీటరూ పెట్టుకోవాలి. బుడగలు జోరుగా వస్తే శాంపిల్ ఎగిరిపోతుంది, ఉన్నదే ఒక మి.లీ.

నోటి అమోనియా మరో తలనొప్పి. పళ్లు తోమని బిడ్డకి పీహెచ్ ఎక్కువ చూపిస్తుంది, వాపుని దాచేస్తుంది. పుక్కిలించడం అందుకే.

---

పల్మో_ఉత్తరాంధ్ర

పీహెచ్ సరే, కానీ దాన్ని వాపు అని రాయకండి. శ్వాసనాళం ఆమ్లత అని రాయండి. సీఎఫ్‌లో బైకార్బొనేట్ బయటికి రావడమే లోపం, కాబట్టి పీహెచ్ తగ్గడంలో జబ్బు వాటా ఎంత, వాపు వాటా ఎంత అన్నది ఒక్క అంకెతో విడదీయలేరు. కడుపులోంచి ఆమ్లం గొంతులోకి తన్నే పిల్లలు కూడా సీఎఫ్‌లో ఎక్కువే.

---

బయోకెమ్_బొట్టు

ఒప్పుకుంటా సార్. అందుకే ఆరోగ్యవంతులతో పోల్చడం కన్నా అదే బిడ్డకి రెండుసార్లు తీయమంటాను. ఇన్‌ఫెక్షన్ ముదిరి అడ్మిట్ అయిన రోజు యాంటీబయాటిక్‌కి ముందు ఒకటి, కోర్సు అయ్యాక ఒకటి. బైకార్బొనేట్ లోపం రెండుసార్లూ అదే ఉంటుంది, మారింది మాత్రమే కనిపిస్తుంది.

---

శ్వాసల్యాబ్_సిక్కోలు

ఎలక్ట్రానిక్ ముక్కు (వాసన పట్టే సెన్సర్ల పరికరం), వీఓసీలు (ఊపిరిలో ఆవిరిగా వచ్చే కర్బన పదార్థాలు) అని ఈమధ్య సెమినార్లలో గట్టిగా వినిపిస్తున్నాయి. అవి మన దగ్గర కుదురుతాయా?

---

బయోకెమ్_బొట్టు

ఇప్పట్లో కాదు. సూడోమోనాస్ హైడ్రోజన్ సయనైడ్ వదులుతుంది. ఊపిరిలో దాన్ని పట్టొచ్చని 2009లోనే బ్రిటన్‌లో పిల్లల మీద చూపారు. సిఫ్ట్-ఎంఎస్ అనే పెద్ద యంత్రం కావాలి. తర్వాత పెద్ద అధ్యయనంలో తేలిందేమంటే, ఎక్కువగా ఉంటే సూడోమోనాస్ ఉందని చాలావరకు నమ్మొచ్చు, లేకపోతే లేదని మాత్రం నమ్మలేం. సయనైడ్ కొంత నోట్లోనే పుడుతుంది కాబట్టి ముక్కుతో వదిలిన ఊపిరి తీయాలి.

గ్యాస్ సంచిలో ఊపిరి పట్టి హైదరాబాద్ పంపుదామనుకుంటే, ఆ సంచిలో ఊపిరి కన్నా గది ఎక్కువ ఉంటుంది. దోమల చుట్ట, అగరొత్తి, హారతి కర్పూరం, ఫినాయిల్, పొయ్యి పొగ పట్టిన బట్టలు, అన్నీ గ్రాఫ్‌లో పీక్‌లే. గది గాలిని విడిగా ఒక సంచి పట్టి తీసేయకపోతే మీరు కొలిచేది వార్డునే.

---

పల్మో_ఉత్తరాంధ్ర

అయినా ఊపిరి పరీక్షలు కావాలని ప్రపంచమంతా వెతుకుతున్నది ఊరికే కాదు. మూడు నెలల పసివాళ్ల ఊపిరితిత్తి కడిగి తీసిన ద్రవమైన బీఏఎల్‌లో న్యూట్రోఫిల్ ఎలాస్టేజ్ కనిపిస్తే మూడేళ్లకల్లా బ్రాంకియెక్టాసిస్ వచ్చే అవకాశం ఎక్కువని ఆస్ట్రేలియా అరెస్ట్ సీఎఫ్ బృందం 2013లో చూపింది. అలాగని ప్రతి మూడు నెలలకీ మత్తిచ్చి బ్రాంకోస్కోపీ చేయలేం. 2019లో అమెరికాలో మూడు మందుల మాడ్యులేటర్ వచ్చాక అది వాడే చాలామంది పిల్లలకి కఫమే రావట్లేదు, కల్చర్‌కి పంపడానికి కూడా ఉండట్లేదు. ఆ ఖాళీని ఊపిరి నింపాలని ఆశ.

ఎల్‌సీఐ అని మల్టిపుల్ బ్రెత్ వాషౌట్ ఉంది. ఊపిరితిత్తుల్లో నైట్రోజన్ నలభయ్యో వంతుకి తగ్గడానికి ఎన్నిసార్లు గాలి తిప్పాలో కొలుస్తుంది. స్పైరోమెట్రీ కన్నా ముందే తేడా పట్టేస్తుంది. కానీ అది గాలి సమంగా పంచుకుంటోందా అన్నదానికి కొలత, వాపుకి కాదు. దాన్ని ఈ చర్చలో కలపొద్దు.

---

విజయనగరం_పీడియా_పీజీ

అయితే ఇలా అనుకుంటున్నా. 7 నుంచి 16 ఏళ్ల సీఎఫ్ పిల్లలు, అడ్మిషన్ రోజు ఒక ఈబీసీ, 14 రోజుల ఐవీ యాంటీబయాటిక్ అయ్యాక ఒకటి. ఐసు నీళ్లలో గాజు గొట్టం. ఆర్గాన్ తర్వాత పీహెచ్. పక్కన ఎఫ్‌ఈవీ1, సీఆర్‌పీ (రక్తంలో వాపు గుర్తు), కఫం కల్చర్. మిగిలిన ద్రవం విశాఖ పంపి 8-ఐసోప్రోస్టేన్ చేయించడం. ఇక్కడ మైనస్ 80 ఫ్రీజర్ ఉంది కానీ కరెంటు నమ్మకం లేదు. ఇంకేం మర్చిపోయాను?

---

పల్మో_ఉత్తరాంధ్ర

అనుమతి పత్రాలు. ఐసీఎంఆర్ నియమాల ప్రకారం 7 నుంచి 12 ఏళ్లవారికి నోటిమాట సమ్మతి, 12 దాటిన వారికి రాతపూర్వక సమ్మతి, తల్లిదండ్రులది ఎలాగూ ఉండాలి. తెలుగులోనే రాయండి, "మీ ఊపిరిని నీళ్లుగా మార్చి చూస్తాం" అంటే పిల్లలకి అర్థమవుతుంది. ఒడియా, సవర మాట్లాడే ఇళ్లుంటే చదివి వినిపించే మనిషి కావాలి.

సంఖ్య గురించి. ఒక్క జిల్లాలో ఈ జబ్బు ఖాయమైన పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంతే దొరుకుతారు. అందుకే ఒకే బిడ్డకి ముందూ వెనకా పోల్చే పద్ధతే సరి. స్టాటిస్టిక్స్ సార్‌తో ఇప్పుడే కూర్చోండి, శాంపిళ్లు తీశాక కాదు.

---

బయోకెమ్_బొట్టు

ఫ్రీజర్ గురించి: 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు పలాస వైపు రోజుల తరబడి కరెంటు లేదు. తుపాను సీజన్‌లో శాంపిళ్లు పోగేసుకుని కూర్చోవద్దు, నెలకోసారి పంపేయండి. 250 మైక్రోలీటర్ల చొప్పున పంచి గడ్డకట్టించండి, ఒకసారి కరిగించింది మళ్లీ పెట్టొద్దు. పెట్టెలో థర్మామీటర్ లాగర్ ఉంచండి, మైనస్ 60 కన్నా వేడెక్కిన రోజు రిజిస్టర్‌లో కనిపించాలి.

రవాణా. శ్రీకాకుళం నుంచి విశాఖ దాదాపు 110 కిలోమీటర్లు, మీకు విజయనగరం నుంచి అందులో సగం చిల్లర. డ్రై ఐస్‌లో పంపితే థర్మోకోల్ పెట్టె మూతని టేపుతో బిగించేయకండి, గ్యాస్ పోయే సందు లేకపోతే పెట్టె పేలుతుంది. బస్సులో ఏసీ క్యాబిన్లో పెట్టొద్దు, అది కార్బన్ డయాక్సైడ్.

ఆ గ్యాస్‌తోనే ఇంకో బెడద. డ్రై ఐస్ ఆవిరి మూత వదులుగా ఉన్న ట్యూబులోకి దూరి శాంపిల్‌ని ఆమ్లం చేసేస్తుంది. లోపల రబ్బరు రింగున్న స్క్రూ మూతలు వాడండి, మూతి చుట్టూ పారాఫిల్మ్ చుట్టండి, ట్యూబులన్నీ జిప్ కవర్‌లో పెట్టండి. అక్కడికి చేరాక డ్రై ఐస్‌లోంచి తీసి మైనస్ 80 ఫ్రీజర్‌లో ఒక రాత్రి ఉంచి, అప్పుడు కరిగించమనండి. పీహెచ్ మాత్రం మీ దగ్గరే, తీసిన పూటే చదివేయండి. దాన్ని ప్రయాణం చేయించొద్దు.

---

విజయనగరం_పీడియా_పీజీ

పీహెచ్ ఇక్కడే. మూతలు రబ్బరు రింగువే ఆర్డర్ పెడుతున్నా. ముక్కు క్లిప్పులు చిన్న సైజువి దొరకట్లేదు, పెద్దవాళ్లవి జారిపోతున్నాయి. ఏం చేయమంటారు?

---

శ్వాసల్యాబ్_సిక్కోలు

స్పంజు ఉన్న పెద్ద క్లిప్పే తీసుకుని రెండు వైపులా గాజుగుడ్డ ఒక మడత అదనంగా చుట్టండి, మైక్రోపోర్‌తో అతికించండి. బిడ్డ మారినప్పుడల్లా ఆ గుడ్డ మార్చాలి. చెమట పట్టిన ముక్కు తుడవకుండా పెడితే ఏ క్లిప్పైనా జారుతుంది.